మానవ భావప్రసార అధ్యయనంలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు - జీవిత పరిశీలన

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఉన్న ములకలపల్లి ప్రాంతంలోని కోయగూడేలలో నీటిని 'ఏర్' అంటారు. తెలుగువానికి ఏరు అంటే వాగు, చిన్న నది. అదే కోయభాషలో 'లోన్' అంటే ఇల్లు. తెలుగువానికి లోన అంటే లోపల. ఈ రెండు జంటలూ మూలద్రావిడంలో ఒకే ధాతువు నుండి చీలినవేనని తులనాత్మక వ్యాకరణం చెబుతుంది. కోయభాష ద్రావిడ కుటుంబంలో గోండీకి అతిసన్నిహితమైనది కనుక ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. అయితే భాషాశాస్త్రజ్ఞునికి ఆనందం కలిగించే ఈ బంధుత్వమే గూడెం నుండి మొదటిసారి బడికి వచ్చిన ఆరేండ్ల పిల్లవానికి చిక్కు తెచ్చిపెడుతుంది. ఉపాధ్యాయుడు ఏరు అన్నప్పుడు పిల్లవానికి కడవలోని నీరు స్ఫురిస్తుంది. మాట చేరింది, అర్థం చేరలేదు. చేరలేదన్న సంగతి చెప్పినవానికీ తెలియదు, విన్నవానికీ తెలియదు. అపరిచితమైన మాట వినబడితే ఎవరైనా ఆగి అడుగుతారు. పరిచితంగా వినబడే మాట దగ్గర అడగాలన్న తలంపే కలుగదు.

ఒకరి మనస్సులోని భావం మరొకరి మనస్సుకు ఎట్లు చేరుతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్న ప్రశ్న ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగంలో పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక శాస్త్రంగా రూపుదాల్చింది. 1947లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విల్బర్ శ్రామ్ పూనికతో భావప్రసార పరిశోధన సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడు క్లాడ్ షానన్ సందేశప్రసారానికి గణితసిద్ధాంతం వెలువరించాడు. మన శాస్త్రాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. శబ్దార్థ సంబంధాన్ని మీమాంసకులు, శబ్దశక్తులను ఆలంకారికులు, వాక్యార్థబోధను వైయాకరణులు సూక్ష్మంగా చర్చించారు. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయినట్లు మాటలు కావలసినవాడు వైయాకరణుని ఇంటికి పోడన్న పతంజలి అభిప్రాయం ప్రాచ్యకళాశాలలో చదివినవారందరికీ విదితమే. లోకవ్యవహారమే శబ్దానికి ప్రమాణమన్న ఈ మాటను మనం పాఠంగా చెప్పుకున్నంతగా ఆచరణకు తెచ్చుకోలేదు. తెలుగుదేశంలో దానిని జీవితకాలపు పనిగా చేసుకొన్నవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన భావప్రసారశాస్త్రమన్న పేరు విని ఉండరు. ఆయన చేసిన పనికి మాత్రం అంతకన్న తగిన పేరు కనిపించదు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీరరాజు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేండ్లు. మేనమామగారి ఆదరణతో విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివారు. అక్కడ గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. 1880లో ముప్పది రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే స్వయంగా చదువుకొని ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ఇంతవరకు ఆ కాలపు చదువుకొన్న యువకుల చరిత్రకూ ఈయన చరిత్రకూ పెద్ద భేదం లేదు.

భేదం ముఖలింగం దేవాలయం దగ్గర మొదలయింది. ఆ గుడి గోడలమీద గాంగరాజుల శాసనాలున్నాయి. చరిత్ర బోధించేవానికి తన ఊరి పక్కనే ఉన్న చరిత్ర చదువరాకపోవడం ఆయనకు కొరతగా తోచింది. గురువు లేకుండా ప్రాచీన లిపులు నేర్చుకొన్నారు. ఫలితంగా శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనం, శక సంవత్సరం 997 నాటి బాణపతి దీర్ఘాసి శాసనం ఆయన పరిష్కరణలో ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో వెలువడ్డాయి. వ్యావహారిక భాషావాదిగానే ఆయనను ఎరిగినవారు ఈ విషయాన్ని తరచు విస్మరిస్తారు. తరువాతికాలంలో ఆయన వాదానికి బలమిచ్చింది ఈ శాసనాభ్యాసమే. ఒక అక్షరాన్ని ఉన్నదున్నట్లు చూడటం, ఉండవలసినదిగా తాను భావించినదానిని దానిమీద రుద్దకపోవడం శాసనపరిష్కర్తకు మొదటి నియమం. ఆ నియమాన్నే ఆయన నోటిమాటకు కూడా వర్తింపజేశారు.

పర్లాకిమిడికి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారు సంతలకు దిగివచ్చినప్పుడు లెక్కలలోనూ కొలతలలోనూ మోసపోవడం పంతులుగారు చూశారు. వారి మాట ఎదుటివారికి రాదు, ఎదుటివారి వ్రాత వారికి రాదు. వారికి చదువు చెప్పాలని ఆయన సంకల్పించారు. అయితే ఆ సంకల్పంలోని విశేషం ఇతరుల కన్న భిన్నమైనది. సవరలకు తెలుగు నేర్పి ఆపై చదువు చెప్పడం గాక, తాను సవర నేర్చుకొని సవరలోనే చదువు చెప్పాలని ఆయన నిశ్చయించుకొన్నారు. ఎవరు ఎవరి దగ్గరకు నడవాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం అది. ఆ కాలంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఉపాధ్యాయుడు ఇట్టి సమాధానం చెప్పుకోవడం సామాన్యమైన విషయం కాదు.

తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవర వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని ఆయన ఆ భాష అభ్యసించారు. అప్పటికి తెలుగువారికి అందుబాటులో ఉన్న నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, లిపి లేదు. సవర మన భాషలకు చుట్టం కాదు. అది ముండా భాష, ఆస్ట్రో-ఆసియా కుటుంబానికి చెందినది. కోయపిల్లవానికీ తెలుగు ఉపాధ్యాయునికీ మధ్య వచ్చే పొరపాటు చుట్టరికం వల్ల వచ్చేది. సవరతో ఆ సౌకర్యమూ లేదు, ఆ ప్రమాదమూ లేదు. అందులో గొంతును క్షణకాలం మూసి పలికే ధ్వని ఉంది. పదాంతంలో హల్లును సగంలో నిలిపివేసే ఉచ్చారణ ఉంది. తెలుగు వర్ణమాలకు ఈ రెండూ అందవు. క్రియాపదం తన కడుపులోనికి నామపదాన్ని ఇముడ్చుకొని, ఒకే మాట వాక్యమంత పని చేయడం ఆ భాష స్వభావం. సంఖ్యలలో కూడా వారిది వేరు పద్ధతి. పన్నెండు దాటిన తరువాత పన్నెండుకు చేర్చి లెక్కిస్తారు. వారి పందొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ముప్పది తొమ్మిది అంటే ఇరువదీ, పన్నెండూ, ఏడూ. పదుల స్థానం, ఒకట్ల స్థానం అంటూ నల్లబల్లమీద గీతలు గీసే ఉపాధ్యాయునికి ఈ సంగతి తెలియకపోతే ఎదుట కూర్చున్న బాలుడు మందబుద్ధి అని తేల్చివేయడం ఎంత తేలిక! బాలునికి లెక్క రాక కాదు, వాని లెక్క వేరు.

పంతులుగారు సవరలో వాచకాలు వ్రాశారు, కథలూ పాటలూ సేకరించారు, సవర-తెలుగు, తెలుగు-సవర పదకోశాలు సిద్ధపరిచారు. స్వంత ధనంతో బడులు పెట్టి ఉపాధ్యాయుల జీతాలు తామే చెల్లించారు. సవరపిల్లలను ఇంట ఉంచుకొని భోజనం పెట్టి చదివించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలు కొన్నింటిని అచ్చువేయించి పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరి దానిని ఆయన స్వీకరించలేదు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. ఆయన శాస్త్రీయ కృషి మాత్రం అంతటితో ఆగలేదు. ఆధునిక ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివి, తాము తొలుత వ్రాసుకొన్నదానిని తామే దిద్దుకొన్నారు. ఇంగ్లీషులో వ్రాసిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. నిఘంటువు అచ్చయ్యేనాటికి ఆయన వయస్సు డెబ్బదియైదు. పని ఆరంభించి సుమారు నాలుగు దశాబ్దాలు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం ఒకటి ఉన్నది. కొండ ప్రాంతాలలో చలిజ్వరం ఎక్కువ. దానికి మందుగా ఆ రోజులలో క్వినైనా ఒక్కటే. దానిని విస్తారంగా వాడటం వలన ఆయనకు చెముడు వచ్చింది, జీవితాంతం ఉండిపోయింది. ఇతరులు పలికే ధ్వనులను వినిపించినది వినిపించినట్లు పట్టుకోవడమే వృత్తిగా పెట్టుకొన్న వ్యక్తికి వినికిడి తగ్గిపోవడం ఎంతటి దుఃఖమో ఊహించవచ్చు. ఆయన సమకాలికులు కొందరు ఆయన ఎదుటివారి మాట వినరని, తమ వాదమే సాగిస్తారని ఆక్షేపించేవారు. ఈ ఆక్షేపణలో కొంత స్వభావాన్ని గురించినది, కొంత చెవిని గురించినది కావచ్చునని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక వ్యావహారిక భాషోద్యమం. ఇది మన పాఠకులకు సుపరిచితమైన ఘట్టమే గనుక వివాదంలోని ప్రతి మలుపునూ వర్ణించడం అనవసరం. అది ఎక్కడ పుట్టింది అన్నదే ఇక్కడ ముఖ్యం. అది కవిత్వచర్చలో పుట్టలేదు, తరగతిగదిలో పుట్టింది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకునిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయునికి తెలుగు తరగతులలో ఒక వింత కనబడింది. పిల్లలు మాట్లాడేది ఒక తెలుగు, ఉపాధ్యాయుడు విశదపరిచేది అదే తెలుగు, పుస్తకంలో ఉన్నది మరొకటి, పిల్లలచేత వ్రాయించేది ఆ మరొకదానినే. తన దేశంలో లేని ఈ భేదం ఇక్కడ ఎందుకున్నదని ఆయన అడిగిన ప్రశ్నకు సంతృప్తికరంగా సమాధానం చెప్పగలవారి కోసం వెదకగా విశాఖపట్నంలో కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడవారు, పర్లాకిమిడిలో గిడుగువారు కనిపించారు. ఈ నలుగురి కలయికతో ఉద్యమం ఆరంభమయింది. 1909లో అయ్యంగారు దేశభాషల పక్షాన ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. 1911లో పంతులుగారు ఉద్యోగవిరమణ చేసి తమ కాలమంతా ఈ పనికే వినియోగించారు.

పరభాషను ప్రత్యక్షపద్ధతిలో, అంటే అనువాదం లేకుండా నేరుగా వ్యవహారం ద్వారా బోధించాలన్న వాదం ఆ కాలంలో ఐరోపాలో బలపడుతున్నది. దానిని తెలుగుకు అన్వయించి చూసినప్పుడు పంతులుగారికి స్పష్టపడిన సంగతి ఇది: తెలుగుపిల్లవానికి తెలుగు పుస్తకం పరభాషా గ్రంథంవలె ఉన్నది, దానిని ఉపాధ్యాయుడు నోటితెలుగులోనికి అనువదించి చెప్పవలసి వస్తున్నది. 1853 నాటి నీతిచంద్రికను, దానికి అనుగుణమైన బాలవ్యాకరణాన్ని ఆదర్శంగా పెట్టుకొన్న గద్యం పుస్తకాలలో ప్రామాణ్యం సంపాదించుకొన్నది. చిన్నయసూరిగారి ప్రజ్ఞను పంతులుగారు కాదనలేదు. పద్యకావ్యాల భాషకు చెప్పిన నియమాలను నిత్యజీవిత విషయాలు వ్రాసే గద్యానికి తగిలించడమే ఆయన ఆక్షేపించినది.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని ప్రభుత్వపు ఉత్తరువు వచ్చింది. ఆధునికభాషకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను ఒక లక్ష్యంగా చూపారు. పండితలోకం కలవరపడింది. జయంతి రామయ్య పంతులుగారు ప్రముఖులుగా ఆంధ్రసాహిత్య పరిషత్తు దీనిని ఎదిరించింది. ఇరుపక్షాలవారూ కరపత్రాలు, విజ్ఞాపనలు, సభలు నడిపారు. గిడుగువారు 1913లో ఆధునికాంధ్రాన్ని గురించి ఇంగ్లీషులో విజ్ఞాపనపత్రం ప్రచురించారు. 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రం సమర్పించారు. అయినా ప్రభుత్వం వెనుకంజ వేసింది, ఇచ్చిన అనుమతి కొద్దికాలంలోనే రద్దయింది. 1915 నవంబరులో గురజాడవారు అస్తమించారు. పంతులుగారు ఒంటరి అయ్యారు.

ఆ విజ్ఞాపనపత్రాన్ని నేటి శాస్త్రదృష్టితో చూసినవారికి ఒక విశేషం గోచరిస్తుంది. ఆధునిక భాషాశాస్త్రానికి మూలగ్రంథంగా పేర్కొనే సొస్యూర్ ఉపన్యాసాలు పుస్తకరూపంలో వెలువడినది 1916లో. ఒకే జాతి రెండు భాషారూపాలను రెండు వేర్వేరు ప్రయోజనాలకు వాడుకొనే స్థితిని అరబ్బీ, ఆధునిక గ్రీకు, స్విస్ జర్మన్, హైతీ క్రియోల్ ఉదాహరణలతో ఫెర్గూసన్ నిరూపించి దానికొక పేరు పెట్టినది 1959లో. తెలుగులోని ఈ స్థితిని పంతులుగారు అంతకు నలుబదియారేండ్ల ముందే వర్ణించడమే కాక, దానివలన నష్టపోయేది ఎవరో కూడా సూచించారు. ఫెర్గూసన్ వర్ణించి ఊరకున్నాడు. పంతులుగారికి ఊరకుండడం చేతకాలేదు.

ఆయన వాదనాశైలి ప్రాచ్యవిద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. వ్యాకరణం అక్కరలేదని ఆయన ఎన్నడూ అనలేదు. ప్రతిపక్షులకన్న ఎక్కువ వ్యాకరణం చదివి, వారి ఆయుధంతోనే వారిని ఎదుర్కొన్నారు. బాలకవి శరణ్యంలో పూర్వకవుల ప్రయోగాలను గుట్టలుగా చూపి, వ్యాకర్తలు అసాధువులన్నవి మహాకవులకు సాధువులేనని నిరూపించారు. గద్యచింతామణిలో పూర్వులు వ్యాఖ్యానాలలో, చరిత్రలలో, లేఖలలో వాడిన గద్యాన్ని సంకలనం చేసి, పండితులు సైతం పద్యం కానప్పుడు వాడుకమాటలే వ్రాశారని చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న పుస్తకంలో మాత్రం ఆయన కొంత కఠినులయ్యారు. గ్రాంథికం తప్ప మరొకటి కూడదన్న పండితుల రచనలనే తీసికొని, వారు విధించిన నియమాలకే వారు ఎక్కడెక్కడ తప్పారో ఎత్తిచూపారు. పండితులకు అది అవమానంగా తోచింది. ఆయన ఉద్దేశం అవమానించడం కాదు. జీవితమంతా శ్రమపడిన పండితులకే పట్టుబడని భాషను పదునాలుగేండ్ల బాలుడు పరీక్షలో తప్పు లేకుండా వ్రాయాలనడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న. అయినా ప్రశ్న అడిగిన తీరు వినేవాని మనస్సు మూసివేస్తే ప్రశ్న ఎంత న్యాయమైనదైనా చేరదు. భావప్రసారంలో నిపుణుడైన ఆయన ఈ ఒక్కచోట పొరపడ్డారని అనక తప్పదు.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం స్థాపితమయింది. మొదట గ్రాంథికపక్షాన ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు కావడం, గిడుగువారు కార్యదర్శి కావడం గొప్ప పరిణామం. కానీ ఆ సంవత్సరం మే నెలలోనే వీరేశలింగంగారు కాలధర్మం చెందారు. అదే కాలంలో పంతులుగారు తెలుగు అన్న పేరుతో మాసపత్రిక నడిపారు. అది ఒక సంవత్సరానికి మించి సాగలేదు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్యపరిషత్సభలో గ్రంథాలు ముందుంచుకొని గంటల తరబడి ప్రయోగాలు చూపుతూ ప్రసంగించారు. నవ్యకవులు, కథకులు క్రమంగా ఆయన పక్షాన చేరారు. 1933లో ఆయన సప్తతి సందర్భంగా మిత్రులు వ్యాససంగ్రహాన్ని సమర్పించారు. 1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి కళాప్రపూర్ణ బిరుదం లభించాయి. 1936లో ఏర్పడిన నవ్యసాహిత్య పరిషత్తు వ్యావహారికాన్ని ఆదరించింది. తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికను వాడుకభాషలో నడిపారు. విశ్వవిద్యాలయాలలో మాత్రం వాడుకభాషకు పూర్తిగా తలుపులు తెరుచుకోవడానికి ఆయన మరణానంతరం ఇంచుమించు మూడు దశాబ్దాలు పట్టింది. ప్రాచ్యకళాశాలలలో అంతకన్న ఎక్కువే పట్టింది. ఈ వ్యాసం ఈ భాషలో ఈ పత్రికలో అచ్చుకావడమే ఆయన వాదానికి ఆలస్యంగా లభించిన అంగీకారం.

ఇక్కడ ఒక విమర్శ చేయక తప్పదు. పంతులుగారు ప్రతిపాదించిన వ్యావహారికం శిష్టుల వ్యావహారికం. అంటే చదువుకొన్న కుటుంబాలవారు పరస్పరం మాట్లాడుకొనే భాష. ఆచరణలో అది కృష్ణా గోదావరీ మండలాల, కోస్తా పట్టణాల వాడుకగా స్థిరపడింది. నైజాము రాజ్యంలో పాల్వంచ సంస్థానపు అడవులలో ఉన్న ములకలపల్లి వంటి గ్రామాలలో ఆ రోజులలో తెలుగు ఏ రూపంలోనూ రాజభాష కాదు, విద్యకు ఉర్దూ మాధ్యమం. 1956 తరువాత ఇక్కడికి వచ్చిన తెలుగు వాచకం గ్రాంథికాన్ని విడిచిన మాట నిజమే. కానీ అది తెలంగాణ పిల్లవాని ఇంటిమాట కాలేదు. కోయపిల్లవానికి అది ఇంకా ఒక అడుగు దూరం. తీరప్రాంతపు పిల్లవానికి పుస్తకానికీ నోటికీ మధ్య ఉన్న గోడను పంతులుగారు కూల్చారు. అడవి అంచున ఉన్న పిల్లవానికి రెండు గోడలున్నాయి. వ్యావహారికోద్యమాన్ని మాత్రమే గిడుగువారి కృషిగా ఎంచి ఉత్సవాలు చేసుకొనేవారు సవర కృషిని ఒక అలంకారంగా చివర ప్రస్తావించి వదలివేయడం వల్ల ఈ రెండవ గోడ కంటికి ఆనలేదు. ఆయన దృష్టిలో ఈ రెండూ వేరువేరు పనులు కావు. సవరబాలునికి సవరలో చదువు, తెలుగుబాలునికి తాను మాట్లాడే తెలుగులో చదువు - రెండింటికీ సూత్రం ఒకటే. కాలక్రమంలో చూసినా సవర బడులే ముందు, వ్యావహారిక వివాదం తరువాత. కొండలలో నేర్చుకొన్నదానినే ఆయన మైదానానికి తెచ్చారు.

కోయలను గురించి వ్రాసినవారు పూర్వం లేకపోలేదు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే ఇండియన్ యాంటిక్వెరీలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గురించి వ్యాసాలు ప్రకటించాడు. స్టీఫెన్ టైలర్ రచించిన కోయ వ్యాకరణం 1969లో వెలువడింది. నైజాము ప్రభుత్వ కాలంలో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమై, గోండీలో వాచకాలు తయారయ్యాయి. గిడుగువారు సవరలలో చేసినదానికి మన ప్రాంతంలో దగ్గరగా వచ్చినది అదే. మాతృభాషలో ప్రాథమికవిద్య శ్రేష్ఠమని 1953లో యునెస్కో నివేదిక ప్రకటించింది. 2004 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండీ, కొలామీ మొదలైన ఎనిమిది గిరిజనభాషలలో తెలుగులిపితో వాచకాలు సిద్ధంచేసి బహుభాషా బోధన ఆరంభించారు. అంటే పంతులుగారు పర్లాకిమిడిలో స్వంత జీతంతో మొదలుపెట్టిన పద్ధతిని ప్రభుత్వం చేపట్టడానికి శతాబ్దం పైబడింది. ములకలపల్లి ఖమ్మం జిల్లా నుండి విడివడి 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. జిల్లాల హద్దులు మార్చినంత తేలికగా బడిభాష హద్దులు మారవు. కోయ వచ్చిన ఉపాధ్యాయుడు లేనిచోట కోయ వాచకం బీరువాలోనే ఉంటుంది. పుస్తకం మాటకు సాధనమే గాని మాట్లాడే మనిషికి బదులు కాదని సవరను ఇంట పెట్టుకొన్న పంతులుగారికి తెలుసు.

లిపి విషయంలో ఒక మాట. పంతులుగారు సవరను తెలుగులిపిలో వ్రాశారు, శాస్త్రగ్రంథాలకు ధ్వనిలిపి వాడారు. సవరలలోనే మంగయ్య గొమాంగో అన్న వ్యక్తి 1936లో సొరాంగ్ సొంపెంగ్ పేరుతో తమ భాషకు స్వతంత్రలిపిని రూపొందించాడు. బయటివాడు ఎంత ప్రేమతో వచ్చినా, తమ మాటకు తమ అక్షరం ఉండాలన్న కోరిక ఆ జాతికి సహజం. ఈ రెండు ప్రయత్నాలూ ఇంచుమించు ఒకే కొండలలో, ఒకే కాలంలో జరిగాయన్నది పరిశోధకులు మరింత లోతుగా చూడవలసిన విషయం.

ఆ 1936వ సంవత్సరమే పంతులుగారి జీవితంలో చివరి మలుపు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. ఏ రాజావారి పాఠశాలలో ఆయన ముప్పది యేండ్లు పాఠాలు చెప్పారో, ఆ సంస్థానాధిపతి కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా పక్షాన నిలిచారు. తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉన్న ఊరు అట్లు పోవడాన్ని పంతులుగారు సహించలేకపోయారు. డెబ్బదిరెండేండ్ల వయస్సులో, ఐదున్నర దశాబ్దాల నివాసాన్ని, పెట్టిన బడులను, సవర మిత్రులను విడిచి రాజమహేంద్రవరంలో కుమారులు సీతాపతిగారి వద్దకు వచ్చివేశారు. సవరల భాష కోసం తెలుగును దాటి వెళ్ళినవాడు తెలుగు కోసం సవరల ఊరిని విడవవలసి రావడం విచిత్రమైన విధి. తన పక్షాన ఆయన నిర్ణయం సరియైనదే కావచ్చు. ఆ బడులలోని పిల్లల పక్షాన చూస్తే అది సరియైనదని అనలేము. సవర పనిని మాత్రం ఆయన విడువలేదు. నిఘంటువు అచ్చుపని రాజమహేంద్రవరం నుండే పూర్తిచేశారు. సీతాపతిగారు తండ్రి అడుగుజాడలలో సవర భాషను, పాటలను పరిశోధించారు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికాసంపాదకులు సమావేశమయ్యారు. ఎదుటివారు అడిగే ప్రశ్న ఆయనకు సరిగా వినబడని స్థితి. అయినా నిలబడి మాట్లాడారు. పుస్తకాలు కొద్దిమందికి చేరుతాయి, పత్రిక ప్రతి ఊరికీ చేరుతుంది గనుక వాడుకభాషలో వ్రాయడం పత్రికలకే ముందుగా అవసరమని ఆయన వారికి విన్నవించారు. అది ఆయన చివరి ఉపన్యాసం. వారం రోజుల తరువాత, జనవరి 22న ఆ నగరంలోనే ఆయన కన్నుమూశారు.